పప్పులో ఆకుకూర ఏరి పక్కన పెట్టే పిల్లలకు

అనంతపురం వైపు అంగన్‌వాడీల్లో 3 ఏళ్ల పిల్లలు పప్పులో ఆకుకూర ఏరి పక్కన పెడుతుంటే, తప్పు చాలాసార్లు ముదురు కాడలదే. ఆ పీచు నమల్లేక ఉమ్మేస్తారు. ఆకు మాత్రమే సన్నగా తరిగి, ఉడికిన పప్పులో వేసి 5 నిమిషాలు మగ్గనిచ్చి, పప్పుగుత్తితో బాగా ఎనపండి. మొదటిరోజు ఒక్క చెంచానే, నిమ్మకాయంత రాగిసంగటి ముద్దతో. పెద్ద ముద్ద చూస్తేనే బెదిరిపోతారు పాపం. వద్దంటే బలవంతం చేయొద్దు. "తింటే బెల్లంముక్క ఇస్తా" అని అస్సలు అనొద్దు, కూరంటే శిక్ష అనుకుంటారు. రెండ్రోజులకోసారి అదే చెంచా మళ్లీ పెట్టండి, 8-10 సార్లు పట్టొచ్చు. టీచరమ్మ కూడా పక్కనే కూర్చుని అదే తినాలి. చెనిక్కాయలు (వేరుశనగలు) మాత్రం గింజలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డంపడతాయి. కారం తగ్గించి, మెత్తగా నూరిన ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) పెట్టండి.