పిల్లి గోళ్లు: పూటకి రెండు చాలు
బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం తిండి తిని పిల్లి గచ్చు మీద సాగిలపడుతుంది చూడండి, గోళ్లు తీయడానికి అదే అదను. మెడ పట్టి ఎత్తొద్దు, బెదిరిపోతుంది. పక్కన కూర్చుని వేలి మీద మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీరంగులో కనిపించేది రక్తనాళం. దానికి 2 మిల్లీమీటర్లు ఇవతలే, కొన మాత్రం కత్తిరించండి. నల్లగోరైతే కొన ఇంకా తక్కువే కత్తిరించండి. కట్టర్ మొద్దుబారితే గోరు తెగదు, నలిగి చీలుతుంది; సగం భయం అక్కడే పుడుతుంది. 18 గోళ్లూ ఒకేసారి అయిపోవాలని ఎవరన్నారు? రెండు తీసి, ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్ ముక్క పెట్టి వదిలేయండి. తోక విసురుతుంటే ఆ పూటకి ఆపేయండి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టండి.