సాల్వెంట్లతో పనిచేసేవారికి నరాల పరీక్ష: ముందు జాగ్రత్తలు

- ముందు చర్మం ఉష్ణోగ్రత కొలవండి. చెయ్యి 32, పాదం 30 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. చల్లబడిన కాలిలో నరం గుండా సంకేతం వెళ్లే వేగం డిగ్రీకి సెకనుకు సుమారు 2 మీటర్లు పడిపోతుంది. బాగున్న నరం కూడా దెబ్బతిన్నట్టే కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తుడిచి, మళ్లీ కొలవండి.
- ఆ రోజు కాళ్లకు నూనె, క్రీము వద్దు.
- పేస్‌మేకర్ ఉందేమో అడగండి.
- షుగర్, మద్యం, బి12 లోపం కూడా ఇలాంటి తిమ్మిర్లే తెస్తాయి. అవి రాసుకోకుండా నెపం హెక్సేన్ (నరాలను దెబ్బతీసే ఒక సాల్వెంట్) మీదకు నెట్టొద్దు.
- 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మొదట ఛాతీ ఎముకపై ఆనించి, అదురు ఎలా ఉంటుందో తెలియనివ్వండి. కళ్లు మూయించి కాలి బొటనవేలిపై పెట్టడం ఆ తర్వాతే.
- హెక్సేన్ వాడేచోట మూత్రం నమూనా వారంలో చివరి షిఫ్టు ముగిశాక తీయండి.
- పని మానేశాక కూడా కొన్ని వారాలపాటు లక్షణాలు ముదరొచ్చు. మలి పరీక్ష తేదీ ఇప్పుడే రాయండి.