పాత ఇటాలియన్ సూపర్‌కారు: ఏది అసలు, ఏది అతుకు, ఎంత పెట్టొచ్చు

కారు చూడటానికి వెళ్లేముందే కాగితాలు తెప్పించుకుని చదవండి. లాంబోర్గిని మియురా లాంటి కారు ఎదురుగా నిలబడ్డాక మనసు దాని వెంటే పోతుంది, అప్పుడు ఇంజిన్ నంబర్ సరిపోయిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. పాత సర్వీసు బిల్లులు, మొదటి ఓనర్ నుంచి ఇప్పటిదాకా చేతులు మారిన వరుస, పాత ఫొటోలు, కారు ఇటలీలో తిరిగి ఉంటే అక్కడి వాహన రిజిస్ట్రీ పీఆర్ఏ నుంచి తీసిన ఓనర్ల చరిత్ర, ఇవన్నీ తారీఖుల వరుసలో పేర్చుకోండి. ఎక్కడో ఒకచోట నాలుగైదేళ్ల ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలో ఏం జరిగిందన్నదే మీ మొదటి ప్రశ్న. కారు ఊరికే షెడ్డులో ఉండి ఉండొచ్చు, గుద్దుకుని ఉండొచ్చు, తగలబడి ఉండొచ్చు. మియురా విషయంలో ఈ చివరిది నేను కచ్చితంగా అడుగుతాను, ఎందుకంటే ఇంజిన్ పైనున్న వెబర్ కార్బొరేటర్ల నుంచి పెట్రోలు పొంగి మంటలంటుకున్న మియురాలు చాలానే ఉన్నాయి. కాలిపోయిన కారును తిరిగి నిలబెట్టడం తప్పు కాదు, ఆ సంగతి దాచిపెట్టి అమ్మడమే తప్పు.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కారులో ఏ భాగం చూసినా, ఇది బాగుందా అని కాకుండా, ఇది ఎప్పట్నుంచి ఇక్కడ ఉంది అని అడగండి. ఇవాళ డబ్బుంటే తలుపు చేయించొచ్చు, సీటు కుట్టించొచ్చు, ఇంజిన్ బ్లాకు కూడా కొత్తగా పోత పోయించొచ్చు. 1971లో ఫ్యాక్టరీలో బిగించిన భాగాన్ని మాత్రం మళ్లీ పుట్టించలేరు, అందుకే ధర దాన్ని పట్టుకుని ఉంటుంది.

నంబర్ల దగ్గర తొందర పడకండి. ఛాసిస్ నంబర్ ఎక్కడుందో ముందే తెలుసుకుని వెళ్లి, టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి, లోహానికి దాదాపు ఆనించి వేయండి. ఎదురు వెలుగులో కనపడని గ్రైండర్ గీతలు, అంకెల చుట్టూ చిన్న వెల్డింగ్ ఉబ్బు, పక్క వెలుగులో నీడలు పడి బయటికొస్తాయి. ఆ రోజుల్లో అంకెలు చేత్తో కొట్టేవాళ్లు కాబట్టి కాస్త వంకరగా, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉండటం మామూలే. మరీ తీర్చిదిద్దినట్టుంటేనే నాకు అనుమానం వస్తుంది. అదే మోడల్‌లో, దగ్గరి నంబర్లున్న కార్ల ఫొటోలు పక్కన పెట్టుకుని అంకెల ఆకారం పోల్చండి. డీనో 246కి ఫెరారీ సరి సంఖ్యల ఛాసిస్ నంబర్లే వేసింది, బేసి సంఖ్యతో డీనో ఎదురైతే అక్కడే ఆగిపోండి. ఫెరారీల్లో ఇంజిన్ మీద ఇంజిన్ నంబరుతో పాటు ఫ్యాక్టరీ అంతర్గత నంబర్ కూడా ఉంటుంది, గేర్‌బాక్సుకు దాని నంబర్ వేరు. ఈ మూడూ ఫ్యాక్టరీ రికార్డుతో కలవాలి.

ఇక సర్టిఫికెట్. ఇటలీలోని మారనెల్లోలో ఫెరారీ పాత కార్ల విభాగం క్లాసికే 2000ల దశకం నుంచీ, సాంత్ అగాతా బొలొన్యేజేలో లాంబోర్గిని పాత కార్ల విభాగం పోలో స్టోరికో 2015 నుంచీ పాత కార్లను పరిశీలించి ధ్రువపత్రాలిస్తున్నాయి. ఉండటం మంచిదే, కానీ దాన్ని సరిగ్గా చదవడం నేర్చుకోండి. ఇంజిన్ బ్లాకు పాడైపోతే ఫ్యాక్టరీ పాత డ్రాయింగుల ప్రకారం కొత్తది చేసి, దాంతోనే కారును సర్టిఫై చేయగలదు. అంటే ఆ కారు ఫ్యాక్టరీ లెక్కకు సరిపోయింది గానీ, పుట్టినప్పటి ఇంజిన్‌తోనే ఉందని అర్థం కాదు. ఏ భాగం అప్పటిది, ఏది తర్వాత వేసింది అని విడివిడిగా అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

బాడీ దగ్గరికొస్తే పెయింట్ మందం కొలిచే మీటరు తప్పనిసరి, అదీ ఇనుము మీదా అల్యూమినియం మీదా రెండింటి మీదా పనిచేసేది. మామూలు అయస్కాంతం కూడా జేబులో ఉంచుకోండి, కానీ అది అంటుకోకపోతే లప్పం ఉందని వెంటనే తీర్పు చెప్పకండి. ఈ కార్లలో అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ భాగాలు చాలా ఉంటాయి. ఫెరారీ 308 జీటీబీ దీనికి చక్కటి ఉదాహరణ. 1975 నుంచి 1977 వరకు వచ్చిన మొదటి 712 కార్లకు ఫైబర్‌గ్లాస్ బాడీ, వాటినే వెట్రోరెజీనా అంటారు, తర్వాతివన్నీ స్టీలు. రెండింటి ధరల మధ్య చాలా తేడా ఉంది. ముందు అద్దం పక్క పిల్లర్ రూఫును కలిసేచోట వేలితో తడిమి చూడండి, వెట్రోరెజీనాలో అక్కడ అతుకు గీత తగులుతుంది. స్టీలు కారులో అది ఉండదు. రీపెయింట్ చేసేటప్పుడు తెలియని పనివాడు ఆ గీతను లోపం అనుకుని లప్పంతో పూడ్చేసిన కారు నేనొకటి చూశాను. పని ఎంతో శుభ్రంగా ఉంది, ఆ కారు గుర్తు మాత్రం పోయింది.

ఫెరారీ ఎఫ్40 అయితే సంగతి ఇంకోలా ఉంటుంది. బరువు తగ్గించడానికి ఫ్యాక్టరీలో రంగు ఎంత పల్చగా కొట్టారంటే, ఎండలో పక్కనుంచి చూస్తే కింద కార్బన్ నేత, బట్ట అల్లిక లాగా, ఎరుపులోంచి కనిపిస్తుంది. ఆ అల్లిక చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. బానెట్ మీద కనిపించి తలుపు మీద మాయమైందంటే తలుపుకు మళ్లీ రంగు పడిందన్నమాట, ఎందుకు పడిందో అడగాలి. మొదట్లో వచ్చిన ఎఫ్40లకు పక్కకు జరిపే ప్లాస్టిక్ కిటికీలు, తర్వాతి వాటికి తిప్పి దించే గాజు అద్దాలు. కారు ఏ ఏడాదిదో, కిటికీ ఏ రకమో సరిపోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది మార్చేసిన కార్ల దగ్గర. మియురాల్లో ఆఖరి మోడలైన ఎస్‌వీలు తయారైనవి 150 మాత్రమే, అందుకని అంతకుముందు మోడళ్లయిన పీ400లకూ ఎస్‌లకూ వెనక మడ్‌గార్డులు వెడల్పు చేసి, హెడ్‌లైట్ల చుట్టూ ఉండే కనురెప్పల్లాంటి నల్ల చువ్వలు తీసేసి ఎస్‌వీలుగా తయారుచేశారు. ఫెరారీ డేటోనా కూపేలు, అంటే టాపు ఉన్నవి, దాదాపు 1,280 వచ్చాయి, టాపు తెరిచి ఉండే ఫ్యాక్టరీ స్పైడర్లు 120కి కాస్త పైన అంతే, కాబట్టి కూపేల టాపు కోసి స్పైడర్లు చేసినవాళ్లూ ఉన్నారు. లాంబోర్గిని మొదటి కౌంటాష్ ఎల్‌పీ400 సన్నగా, వెనక రెక్కా విశాలమైన మడ్‌గార్డులూ ఏమీ లేకుండా ఉంటుంది. తర్వాతి మోడళ్ల ఫ్యాషన్ చూసి వాటికీ అవి తగిలించారు, ఇప్పుడేమో అందరికీ ఆ సన్నటి రూపమే కావాలి. ఈ మార్పులు కొన్ని పని పరంగా అద్భుతంగా ఉంటాయి, నేను కాదనను. కానీ కోసిన స్పైడర్‌కు ఫ్యాక్టరీ స్పైడర్ ధర పెట్టకండి. ఛాసిస్ నంబర్ ఏ మోడల్ వరుసలో ఉందో చూస్తే విషయం తేలిపోతుంది.

లోపల చిన్న వస్తువులు చూడండి, పెద్ద వస్తువులు దాచే నిజాన్ని ఇవి చెప్పేస్తాయి. కిటికీ అద్దాల మూల తయారీదారు ముద్ర ఉంటుంది, అన్నీ ఒకే కంపెనీవి, ఒకే కాలానివి కావాలి, ఒక్కటే వేరైతే ఆ పక్క దెబ్బ తగిలిందేమో చూడాలి. చక్రాలు విప్పించి లోపలివైపు పోత ముద్రలు చదవండి. మియురా, కౌంటాష్‌ల కాంపాన్యోలో కంపెనీ మెగ్నీషియం చక్రాలు కాలంతో తుప్పుపట్టి బీటలిస్తాయి, చాలామంది వాటి స్థానంలో నకళ్లు వేసుకున్నారు. నడపడానికి నకళ్లే భద్రం, అసలువి కూడా ఇస్తున్నారా అన్నదే ప్రశ్న. టూల్ కిట్, జాకీ, తోలు సంచిలో మాన్యువల్, వీటి ఖరీదు విన్నాక మొదటిసారి ఎవరైనా నమ్మరు, కానీ పూర్తి సెట్టు దొరకడం నిజంగా కష్టం. మీటరు రీడింగ్ తక్కువుంటే క్లచ్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు, గేరు రాడ్డు నాబ్ చూడండి, అరుగుదల అబద్ధం చెప్పదు.

రంగు గురించి ఒక మాట. ఒకప్పుడు ఫెరారీ అంటే ఎరుపే ఉండాలని గోధుమ, ఆకుపచ్చ, నీలం కార్లన్నిటికీ ఎర్ర రంగు పులిమేశారు. ఇప్పుడు ఆ అరుదైన రంగులకే గిరాకీ. కార్పెట్ కింద, డ్యాష్‌బోర్డు వెనక పాత రంగు మిగిలి ఉంటుంది, రికార్డులోని రంగు కోడుతో పోల్చండి. అసలు రంగుకు తిరిగి తేవొచ్చు గనక ఆ ఖర్చు లెక్కేసి ధర తగ్గించమనండి.

ధర కట్టేటప్పుడు వేలంలో పలికిన పెద్ద అంకెను పట్టుకుని లెక్కలు వేయకండి. 2017లో మారనెల్లోలో ఆర్ఎం సొథెబీస్ వేలంలో జపాన్‌లో దశాబ్దాల పాటు షెడ్డులో పడున్న 1969 డేటోనా, దుమ్ము కూడా తుడవకుండా, 18 లక్షల యూరోలకు అమ్ముడైంది. దాంతో దుమ్ము పట్టిన ప్రతి కారూ నిధి అనుకున్నవాళ్లున్నారు. అది రోడ్డు కార్లలో అల్యూమినియం బాడీతో వచ్చిన ఒకే ఒక్క డేటోనా, ధర అందుకు పలికింది. మీ ముందున్న కారుకు పోలిక దాని లాంటి కారే కావాలి. అదే మోడల్, అదే స్థాయి అసలుతనం, ఈ మధ్య నిజంగా అమ్ముడైనవి నాలుగైదు తీసుకోండి, అడుగుతున్న ధరలు కాదు. అందులోంచి వెంటనే చేయించాల్సిన పనులు తీసేయండి. ఫెరారీ టెస్టరోస్సాకు టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి, ఎఫ్40 రబ్బరు పెట్రోలు ట్యాంకులకు గడువుంటుంది, గడువు దాటితే మార్చి తీరాలి. పాతికేళ్ల రంగు అక్కడక్కడా పొక్కినా, తోలు పగిలినా దానికి పెద్దగా తగ్గించకండి. పూర్తిగా విప్పి కొత్తగా మెరిపించిన కారూ, రంగు వెలిసినా చేయి పడని కారూ ఒకే ధరకొస్తే నేను రెండోదే తీసుకుంటాను, తీసుకున్నాక దానికి పాలిష్ కూడా పెట్టించను.