ఇసుక బాటలోకి దిగే ముందు

విశాఖ నుంచి భీమిలి వైపు బీచ్ రోడ్డులో గుంపుగా సైకిళ్ల మీద వెళ్లేవారికి ఒక మాట. తారు రోడ్డు వదిలి సరుగుడు చెట్ల మధ్య ఇసుక బాట పట్టే ముందు అందరూ ఆగి, టైర్లలో కొంచెం గాలి తీయండి. బొటనవేలితో నొక్కితే టైరు కాస్త లోపలికి పోవాలి. అప్పుడు చక్రం కూరుకుపోదు. మరీ తీసేస్తే రాయి తగిలి ట్యూబు చిరుగుతుంది. గేరు ముందే తగ్గించుకోండి. ఇసుకలో ముందువారు ఉన్నట్టుండి ఆగిపోతారు కాబట్టి మధ్యలో మూడు సైకిళ్ల దూరం ఉంచండి. పంపు చివర వచ్చేవారి దగ్గరే ఉండాలి, ఎవరు ఆగినా వారు చేరుకుంటారు. ఎర్రమట్టి దిబ్బల మీదికి దయచేసి సైకిళ్లు ఎక్కించవద్దు. చక్రాల గాడి పడితే ఆ మట్టి వానకు కోసుకుపోతుంది. ఇంటికి రాగానే గొలుసును మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె వేయండి.