దుబాయ్‌లో ఉన్న మా ఆయనకు నిద్ర పట్టనప్పుడు

మా ఆయన దుబాయ్‌లో నిర్మాణ పనుల సూపర్‌వైజర్. కొన్నాళ్లుగా నిద్ర లేదు, అన్నం సహించదు, ఫోనులో ‘ఊఁ’ తప్ప మాట లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో దుకాణం నడిపే మా బావగారు "ఎవరైనా వెళ్తుంటే నిద్రమాత్రలు పంపమ్మా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆల్ప్రజోలం వంటివి అక్కడ నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి లేకుండా పట్టుకెళ్లినవారు కేసులో ఇరుక్కుంటారు, పాపం.

నేనే 14416కు ఫోను చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. డబ్బు ఊసు కొన్నాళ్లు ఆపమన్నారు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు" అన్నారు. అడిగేటప్పుడు నా గొంతు వణికింది. "అంతదాకా రాలేదులే" అన్నారాయన, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడారు.

దుబాయ్‌లో భారత కాన్సులేట్‌కు అనుబంధంగా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. అక్కడ కౌన్సెలింగ్‌కు వెళ్లారు, వాళ్లు చెప్పాక బీమా కార్డుతో డాక్టరునూ కలిశారు. ఇప్పుడు నిద్ర పడుతోంది. మా అత్తగారు మాత్రం ఇదంతా దిష్టేనంటున్నారు. తీయనివ్వండి, మందుకేమీ అడ్డం కాదు.