నల్లమల దారిన శ్రీశైలం నడిచేవాళ్లకు, బయల్దేరకముందే కొన్ని మాటలు

శివరాత్రికో ఉగాదికో ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, అక్కణ్ణుంచి అడవిదారిన శ్రీశైలం నడిచేవాళ్లలో చాలామంది కుంటుకుంటూ గుడి చేరతారు. దూరం నలభై కిలోమీటర్ల పైచిలుకు. కుంటడానికి కారణం ఎక్కువసార్లు మొదటిరోజు ఊపే. వెంకటాపురంలో "హరహర మహాదేవ" అనగానే కాళ్లకు రెక్కలొస్తాయి. నాగలూటి వీరభద్రస్వామి గుడిదాకా పరుగులాంటి నడక. పెచ్చెరువు చేరేసరికి అరికాళ్లలో బొబ్బలు. అసలు కష్టమంతా రెండోరోజు భీముని కొలను లోయ దగ్గర ఉందని అప్పుడు గుర్తొస్తుంది.

అందుకే ముందు పాదాల సంగతి. దీక్షలో ఉన్న స్వాములు చెప్పుల్లేకుండా నడుస్తారు, అది వాళ్ల నియమం. కానీ అలవాటు లేకుండా ఆ రోజే మొదలుపెట్టడం సాహసం. నెలముందు నుంచి పొద్దున్నే మట్టిదారిలో వట్టికాళ్లతో నడిచి చూడండి. షుగరున్నవాళ్లు మాత్రం ఈ మొక్కు పెట్టుకోవద్దు. ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదానికి చిన్న పుండు చాలు. బూట్లు వేసుకునేవాళ్లు పాతవే వేసుకోండి. ఒక ఏడు నేను కొత్త జత వేసుకుని వెళ్లి, భీముని కొలను దిగుడులో రెండు బొటనవేళ్ల గోళ్లు పోగొట్టుకున్నాను. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుంటాయి, కాబట్టి వారం ముందే గోళ్లు కత్తిరించుకోవాలి. పొద్దున బయల్దేరేముందు వేళ్లసందుల్లో, తొడలు ఒరుసుకునేచోట కొబ్బరినూనె గాని వాజలిన్ గాని పట్టించండి. తొడలు ఒరుసుకుపోతే ఎంత బాధో అనుభవించినవాడికే తెలుసు, ఎవరికీ చెప్పుకోలేం కూడా. బొబ్బ లేస్తే గిల్లొద్దు. మెత్తటి గుడ్డ కట్టి, ఆ పూట అడుగు తగ్గించండి.

ఎండ విషయంలో రెండు పండగలూ ఒకటి కాదు. శివరాత్రికి రాత్రి చలి ఉంటుంది, దుప్పటి కావాలి. ఉగాదికి పొద్దున పదింటికే రాళ్లు కాలుతుంటాయి. తెల్లవారి వెలుతురు పడగానే కదిలి, పదకొండు లోపు ఆ పూట నడక ముగించి, నాలుగు దాటాక మళ్లీ లేవడం మంచిది. ఎండాకాలానికి నల్లమల ఆకు రాల్చేసి ఉంటుంది, నీడ మీద ఆశ పెట్టుకోవద్దు. దారిలో నీళ్ల ట్యాంకులు, అన్నదానాలు ఉంటాయి నిజమే. వాటిని నమ్ముకుని ఖాళీ సీసాతో నడిస్తే మాత్రం రెండు మజిలీల మధ్యే నాలుక పిడచకట్టుకుపోతుంది. మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపి తాగేయకూడదు. తల తిరుగుతూ చెమట పట్టడం ఆగిపోయినవాణ్ణి నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, వెంటనే వైద్యశిబిరానికి చేర్చే ఏర్పాటు చూడండి. కాసేపట్లో సర్దుకుంటుందని నడిపించొద్దు.

తిండి దగ్గర కన్నడ భక్తులను చూసి నేర్చుకున్నాను. ఎండబెట్టిన పలచటి జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, ఇంతే వాళ్ల మూట. రెండు రోజులైనా పాడవదు. మనవాళ్లేమో అన్నదానం కనిపించగానే పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, మిట్టమధ్యాహ్నం లేచి నడుస్తారు. ఆపైన కడుపులో జరిగేదానికి మల్లన్న బాధ్యుడు కాడు.

ఇది పులుల అడవి. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతించిన రోజుల్లోనే, తెరిచిన దారిలోనే నడవాలి. గుంపు సందడికి పులి ఎదురుపడే అవకాశం తక్కువే. నా భయమల్లా వేకువజామున నీళ్లకొచ్చే ఎలుగుబంటి. బహిర్భూమికైనా ఒంటరిగా చెట్లలోకి పోవద్దు, టార్చి లేకుండా అసలు పోవద్దు. తేనెపట్టున్న చెట్టుకింద అగరొత్తులు, కర్పూరం వెలిగించొద్దు. పడుకునేముందు దుప్పటి, లేచాక చెప్పులు దులపండి, తేళ్లుంటాయి. ఎండుటాకుల మీద ఒక్క బీడీ ముక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ సంచులు ఇంటిదగ్గరే వదిలేయండి. పెచ్చెరువు దగ్గర చెంచు గూడెం ఉంది. దారి గురించి వాళ్లు వద్దన్న పని చేయొద్దు, వాళ్ల గుడిసెల ముందు ఫోన్లు పైకెత్తొద్దు.

ఫోనంటే గుర్తొచ్చింది, లోపల సిగ్నల్ ఉండదు. గుంపుగా వెళ్లేవాళ్లు ఎక్కడెక్కడ ఆగాలో వెంకటాపురంలోనే మాట్లాడుకోవాలి: నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, కైలాసద్వారం. ముందుపోయినవాళ్లు చివరివాడు వచ్చేదాకా అక్కడే ఆగాలి. బీపీ మాత్రలు ఎవరివి వాళ్ల నడుం సంచిలోనే ఉండాలి, సామాను ఇంకొకరి భుజానికిచ్చినా సరే.

భీముని కొలను వెలుతురుండగానే దాటండి. లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారం దాకా ఎక్కాలి, అన్నీ ఎత్తుపల్లాల రాతిమెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిది. ఆ కాలంవాళ్ల మోకాళ్లు వేరేమో! దిగేటప్పుడు కర్ర ముందుకు పెట్టి, పాదం కొంచెం అడ్డంగా వేయండి. ఎక్కేటప్పుడు ఇరవై మెట్లకోసారి ఆగండి, మాటలు మానేయండి. గుండెలో బరువు, ఎడమచేయి లాగడం అనిపిస్తే అక్కడే కూర్చుని మనుషుల్ని పిలవండి. పైన కైలాసద్వారం దాకా బండ్లు వస్తాయి.

శ్రీశైలం చేరగానే పాతాళగంగకు పరుగెత్తొద్దు. అవీ మెట్లే, పైగా తడి మెట్లు. రెండు రోజుల నడకతో వణుకుతున్న కాళ్లకు ఆ రాత్రి వేడినీళ్లు, నిద్ర ఇచ్చి తెల్లారి దిగండి. తిరుగు ప్రయాణం బస్సులోనే, సీటు దొరికితే కాళ్లు కిందికి వేలాడేయకుండా సంచిమీద ఎత్తిపెట్టుకోండి, లేకుంటే ఇల్లు చేరేలోపు చీలమండలు గుమ్మడికాయల్లా వాస్తాయి.