అమెరికా కౌంటీల్లో విపత్తు సాయం: రైతు ఎప్పుడు, ఎక్కడ నష్టం నమోదు చేయించాలి

తమ కౌంటీని, అంటే జిల్లా వంటి పాలనా విభాగాన్ని, విపత్తు ప్రాంతంగా ప్రకటించారని తెలియగానే ఖాతాలో డబ్బు పడుతుందని చాలామంది రైతులు ఆశపడతారు. కనీసం ఒక పంట దిగుబడి 30 శాతం పడిపోయినప్పుడు అమెరికా వ్యవసాయ మంత్రి చేసే ఈ ప్రకటన వల్ల, ఆ కౌంటీలోనూ దాని సరిహద్దు కౌంటీలలోనూ ఉన్న రైతులకు అత్యవసర రుణం అడిగే అర్హత మాత్రమే వస్తుంది. అందుకు 8 నెలల గడువు ఉంటుంది. తిరిగి కట్టనక్కరలేని సాయం కావాలంటే అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఫామ్ సర్వీస్ ఏజెన్సీ కౌంటీ కార్యాలయానికి మీరే వెళ్లాలి. ఎవరో వచ్చి నష్టం రాసుకుపోతారని ఎదురుచూస్తే గడువు దాటిపోతుంది.

అసలు పని విపత్తుకు ముందే మొదలవుతుంది. ఏ పొలంలో ఏ పంట ఎన్ని ఎకరాలు వేశారో ఏటా ఆ కార్యాలయంలో నమోదు చేయించాలి. బీమా దొరకని పంటలకు ఎన్‌ఏపీ అనే పథకం ఉంది కానీ, పంటకు 325 డాలర్ల రుసుము చెల్లించి ముందుగానే అందులో చేరినవారికే అది వర్తిస్తుంది. పంట దెబ్బతిన్నాక, నష్టం బయటపడిన 15 రోజుల్లోగా సీసీసీ-576 ఫారంలో తెలియజేయాలి. అధికారి చూసి అంచనా వేయకముందే పొలం దున్నేస్తే నష్టానికి రుజువు మిగలదు.

పశువుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2024 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని హెంఫిల్ తదితర కౌంటీల్లో 10 లక్షల ఎకరాలకు పైగా దహించిన స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు వంటి విపత్తులలో మందలు చనిపోతే, ఎల్‌ఐపీ అనే పథకం సగటు మార్కెట్ విలువలో 75 శాతం చెల్లిస్తుంది. అయితే ఏ మందలోనైనా ఏటా సహజంగా కొన్ని చనిపోతాయి కనుక ఆ లెక్క తీసివేస్తారు. ఉదాహరణకు 200 ఆవుల మందకు ఆ రాష్ట్రంలో సహజ మరణాలు 2 శాతమని నిర్ణయించారనుకుంటే, 30 చనిపోయినప్పుడు 26 ఆవులకే సొమ్ము వస్తుంది. కళేబరాలను పూడ్చే ముందే తేదీ కనిపించేలా, చెవి ట్యాగు చదవగలిగేలా ఫొటోలు తీయండి. కొనుగోలు రసీదులు, పశువైద్యుని నమోదులు, అంతకుముందు మందలో ఎన్ని ఉన్నాయో తెలిపే పుస్తకం దగ్గర ఉంచుకోండి. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే చచ్చినవాటి ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, బతికున్నప్పటి లెక్క కొందరి దగ్గరే ఉంటుంది.

కంచెలు, కొట్టుకొచ్చిన చెత్త, మేటవేసిన ఇసుక వంటివాటికి ఈసీపీ అనే మరో పథకం ఖర్చులో 75 శాతం వరకు భరిస్తుంది. ఆదుర్దాకొద్దీ ముందే పని మొదలుపెట్టి ఆ తర్వాత బిల్లులు తీసుకెళ్తే సాధారణంగా ఒప్పుకోరు. ఏజెన్సీ అనుమతి వచ్చాకే పారపట్టాలి.

దరఖాస్తుతో పాటు ఆదాయ ధ్రువీకరణ, భూసంరక్షణ నిబంధనలు పాటిస్తున్నట్టు ఇచ్చే ఏడీ-1026 ఫారం కూడా పూర్తిచేయాలి. సంతకం లోపించిన ఒక్క కాగితం చెల్లింపును ఆపేయగలదు. తిరస్కరణ ఉత్తరం అందితే 30 రోజుల్లో, రైతులే ఎన్నుకునే కౌంటీ కమిటీకి పునఃపరిశీలన కోరుతూ రాయవచ్చు. ఆ ఉత్తరంతో పాటు కవరు కూడా దాచుకోండి, ఉత్తరాన్ని ఏ తేదీన పంపారో దాని మీది ముద్ర చెబుతుంది.